పదకొండో నంబరు కదిలేదాకా ఏం చేయాలి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు పద్దెనిమిదేళ్లు. మా సొంతూరు నెల్లూరు జిల్లా, కానీ నేను పుట్టి పెరిగిందంతా చెన్నై పెరంబూరులోనే. నాన్న ఇక్కడి రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో పనిచేస్తారు. చిన్నప్పటి నుంచి నాకు లెక్కలంటే ప్రాణం. ప్లస్ టూ అయ్యాక గణితానికి బాగా పేరున్న ఒక సంస్థకు ఎంట్రన్స్ రాశాను. సెలెక్షన్ లిస్టులో పేరు రాలేదు, వెయిటింగ్ లిస్టులో 11వ నంబరు ఇచ్చారు. ఈలోగా సిటీలోనే ఒక మహిళా కాలేజీలో బీఎస్సీ మ్యాథ్స్ సీటు వస్తే ఫీజు కట్టి చేరాను. రోజూ వెళ్లి వస్తున్నాను గానీ ఎవరితోనూ కలవడం లేదు. ఎలాగూ వెళ్లిపోతాను కదా అని లైబ్రరీ కార్డు కూడా తీసుకోలేదు. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మెయిల్ చూసుకుంటున్నాను.

న్యూజెర్సీలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు, వారానికో మెయిల్ పెట్టు, నీకెంత ఇంట్రెస్టో వాళ్లకు తెలియాలి అంటాడు. ఎవరో బ్రోకర్ నాన్నకు ఫోన్ చేసి, మూడు లక్షలిస్తే నంబరు పైకి జరిపిస్తానన్నాడు. నాన్న వద్దంటూనే ఆలోచిస్తున్నారు. అమ్మ కొండకు ముడుపు కట్టింది. అవ్వ రోజూ "సీటు సంగతి ఏమైంది మే?" అని అడుగుతుంది.

ఇంకో మాట ఎవరికీ చెప్పలేదు. నాతో పాటు ట్యూషన్‌లో చదివిన నా బెస్ట్ ఫ్రెండ్‌ది అదే లిస్టులో 6వ నంబరు. తనకు ఐఐటీ వచ్చేస్తే బాగుండు, లిస్టు జరుగుతుంది అని కోరుకుంటున్నాను. నా మీద నాకే అసహ్యం వేసి తనతో మాట్లాడటం మానేశాను. ఒక్కోసారి పొద్దున లేవాలనిపించదు. నేను లేకపోయినా ఎవరికేం తేడా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– పెరంబూరు పాఠకురాలు

సమాధానం: అమ్మాయ్, నీ ఉత్తరంలో చిట్టచివర రాసిన వాక్యం దగ్గరే మొదలుపెడతాను. "నేను లేకపోయినా ఎవరికేం తేడా" అన్నావు. విసుగులో చాలామంది అనే మాటే కావచ్చు. కానీ నిద్ర సరిగా లేని, ఎవరితోనూ మాట్లాడని మనిషి ఆ మాట రాస్తే నేను తేలిగ్గా తీసుకోను, నువ్వూ తీసుకోకు. ఈ జవాబు చదవడం ఇక్కడే ఆపి, ఇవాళే మీ అమ్మకో నాన్నకో ఆ వాక్యం ఉన్నదున్నట్టు చెప్పు. సీటు గురించి కాదు, ఆ వాక్యం గురించి. ఇంట్లో నోరు పెగలకపోతే 14416కు ఫోన్ చెయ్యి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ లైను. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. చెన్నైలోనే స్నేహ అనే సంస్థ 1986 నుంచి సరిగ్గా ఇలాంటి మనసుతో ఉన్నవాళ్ల మాట వినడానికే పనిచేస్తోంది. నీ పేరు, ఊరు చెప్పకుండా మాట్లాడినా వింటారు. ఆ ఆలోచన రోజూ వస్తుంటే, లేదా ఏం చేసుకోవాలన్న దాకా వెళ్తుంటే, ఒంటరిగా ఉండకు. ఆ నిమిషంలోనే ఎవరినో ఒకరిని పిలువు. మిగతా సంగతులన్నీ దాని తర్వాతే.

ఇక బ్రోకర్. వాడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దని నాన్నకు చెప్పు. టోకెన్ అడ్వాన్స్ అన్నా సరే. నువ్వు రాసిన సంస్థ పేరు ఇక్కడ వేయడం లేదు గానీ, అక్కడ ఎంట్రన్స్‌లో వచ్చిన వరస ప్రకారమే సీట్లు ఇస్తారు. మేనేజ్‌మెంట్ కోటా అన్నదే లేని చోట ఎవరినో పట్టుకుని నంబరు జరపడమేమిటి? ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో మీ నాన్నకు తెలిస్తే ఆలోచించడం కూడా మానేస్తారు. వెయిటింగ్ లిస్టులో ఉన్న పది మంది దగ్గరా బ్రోకర్ డబ్బు తీసుకుంటాడు. లిస్టు దానంతట అదే కదిలి ఆ పదిలో నలుగురికి సీటు వస్తుంది. ఆ నలుగురి డబ్బూ వాడి జేబులోకి. మిగతా ఆరుగురికి "ఈసారి కుదర్లేదండీ" అని కొంత కోసుకుని తిరిగిచ్చి, నిజాయితీపరుడని పేరు కూడా తెచ్చుకుంటాడు. వాడు చేసిన పని ఏమీ లేదు. సీటు వచ్చిన ఇంటివాళ్లు వాడి వల్లే వచ్చిందనుకుని ఇంకో పది మందికి చెబుతారు కూడా. మీ నంబరు వాడికెలా తెలిసిందని ఆశ్చర్యపోవద్దు. అప్లికేషన్లలో, కోచింగ్ సెంటర్లలో, ఎగ్జిబిషన్ స్టాళ్లలో మనం రాసిచ్చిన ఫోన్ నంబర్లు చేతులు మారుతూనే ఉంటాయి.

ఇప్పుడు నీ పదకొండు సంగతి. వెయిటింగ్ లిస్టు ఎందుకు ఉంటుందో, ఎప్పుడు కదులుతుందో తెలిస్తే రాత్రి మూడింటికి లేవడం కొంతైనా తగ్గుతుంది. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మన దేశంలో గణితం మీద ఆశతో పరీక్షలు రాసే పిల్లలు దాదాపు అవే నాలుగైదు చోట్లకు రాస్తారు. ఇక్కడ సిరుసేరిలో సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్), కోల్‌కతాలోనూ బెంగళూరులోనూ ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్), బెంగళూరు ఐఐఎస్‌సీ, సైన్సు చదువులకు పెట్టిన ఐసర్లు, వీటికి తోడు జేఈఈ రాసి ఐఐటీలు. బాగా రాసినవాళ్ల పేర్లు రెండు మూడు లిస్టుల్లో ఒకేసారి ఉంటాయి. కానీ ఒక మనిషి కూర్చోగలిగేది ఒక్క క్లాసులోనే. మిగతా చోట్ల ఆ సీట్లు ఖాళీ అవుతాయి. ఎంతమంది వదిలేస్తారో సంస్థకు ముందే తెలియదు గనుక వెనక ఒక వరస పెట్టుకుంటుంది. అంటే నీ నంబరు కదలడం అన్నది నీ ముందున్నవాళ్లు ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోవడం మీద ఆధారపడింది. నీ జవాబు పత్రాన్ని మళ్లీ ఎవరూ తీసి చూడటం లేదు. నువ్వు ఇంకొంచెం తెలివైనదానివో, ఇంకొంచెం తక్కువదానివో అని అక్కడ ఎవరూ తూకం వేయడం లేదు.

మరి వాళ్లు ఎప్పుడు తేల్చుకుంటారు? ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్ ఒక్క రోజులో అయిపోదు. జూన్, జూలై నెలల్లో రౌండ్ల మీద రౌండ్లు నడుస్తాయి. 2024లో ఐదు రౌండ్లు, 2025లో ఆరు. ఒక రౌండులో సీటు వచ్చినవాళ్లు దాన్నే ఖాయం చేసుకోవచ్చు, లేదా ఫ్లోట్ పెట్టుకుని ఇంకా మంచిది వస్తుందేమోనని చూడొచ్చు. ఫ్లోట్‌లో ఉన్నవాళ్లు ఇటు గణిత సంస్థ సీటును వదలరు, అటు ఐఐటీ ఆశనూ వదలరు. చివరి రౌండ్లు దగ్గర పడ్డాకే అసలు కదలిక. ఆ తర్వాత ఎన్ఐటీల్లో మిగిలిన సీట్లకు సీఎస్ఏబీ ప్రత్యేక రౌండ్లుంటాయి. అప్పుడు ఇంకొంచెం. సంస్థలో క్లాసులు మొదలయ్యాక మొదటి రోజుల్లో రానివాళ్ల పేర్లు తీసేస్తే మరికొంచెం. కాబట్టి లిస్టు రోజుకొకటి చొప్పున నడవదు. రెండు వారాలు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, ఒక్క మధ్యాహ్నం ఐదు నంబర్లు దూకొచ్చు. అసలు ఒక్కటీ జరగకపోవచ్చు కూడా. తమిళనాడు ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ టీఎన్ఈఏలో, ఇంకా మంచి సీటు కోసం "అప్‌వర్డ్" పెట్టుకుని కూర్చున్న నీ స్కూలు స్నేహితుల పరిస్థితి కూడా ఇంతే, వాళ్లనడిగితే చెబుతారు.

పదకొండు మంచి నంబరేనా అని నువ్వు అడగలేదు గానీ అడగాలని ఉందని నాకు తెలుసు. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో గత ఏడాది, అంతకు ముందు ఏడాది లిస్టులు ఇంకా ఉంటే, ఎన్నో నంబరు దాకా పిలిచారో చూడు. లేకపోతే అక్కడ చదువుతున్న సీనియర్లను అడుగు. రెండు మూడేళ్ల లెక్క చూస్తే ఒక అంచనా వస్తుంది. అంతకు మించి జోస్యం చెప్పేవాళ్లను నమ్మకు, నన్ను కూడా.

ఆఫీసులో మనుషులు పనిచేసేది పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా. మెయిల్ వచ్చేదీ ఎక్కువగా అప్పుడే. కాబట్టి రోజుకు రెండుసార్లు చూడు, మధ్యాహ్నం భోజనం తర్వాత ఒకసారి, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక ఒకసారి. స్పామ్ ఫోల్డర్ కూడా చూడు. రాత్రి ఫోన్ అమ్మ దగ్గర పెట్టేయ్. నువ్వు మూడింటికి చూసినా, పొద్దున్నే చూసినా ఆ మెయిల్ అదే మెయిల్.

మీ న్యూజెర్సీ అన్నయ్య నీ మేలు కోరే చెప్పాడు, కానీ అది వాళ్ల దేశం పద్ధతి. అమెరికాలో బీఎస్ సీట్లకు చాలా కాలేజీలు వెయిట్‌లిస్టులో నంబర్లే ఇవ్వవు. మార్కులతో పాటు వ్యాసాలు, సిఫారసు ఉత్తరాలు, పిల్లల ఆసక్తి అన్నీ చూసి తీసుకుంటారు గనుక, మే 1న ఎంతమంది డబ్బు కట్టి సీటు ఖాయం చేసుకున్నారో చూసుకుని, తమకెవరు కావాలో లిస్టులోంచి ఏరుకుంటారు. అందుకే అక్కడ "నాకింకా మీ కాలేజీయే కావాలి" అని ఒక ఉత్తరం రాయడం మామూలు. అక్కడ కూడా ఒక్క ఉత్తరమే, వారానికొకటి రాస్తే విసుక్కుంటారు. ఇంకో మంచి పద్ధతి ఉంది. చాలా అమెరికన్ కాలేజీలు కామన్ డేటా సెట్ అని ఏటా ఒక పత్రం బయటపెడతాయి. వెయిట్‌లిస్టులో ఎంతమందిని పెట్టారు, చివరికి ఎంతమందిని తీసుకున్నారు అన్నది అందులో ఉంటుంది. చెన్నైలో అమెరికా బీఎస్ కోసం ఎదురుచూస్తున్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ముందు ఆ పత్రం వెతకండి. నీకు మాత్రం ఇవేవీ పనికిరావు. పరీక్ష వరస ప్రకారం నడిచే లిస్టులో నీ ఉత్సాహానికి మార్కుల్లేవు. నువ్వు రాయాల్సింది ఒకే ఒక్క మెయిల్. పిలుపు వస్తే ఎన్ని రోజుల్లో చేరాలి, ఏ సర్టిఫికెట్లు కావాలి, చివరి పిలుపు ఏ తేదీ దాకా ఉంటుంది అని మూడు ప్రశ్నలు. జవాబు వెబ్‌సైట్‌లోనే ఉంటే అదీ అక్కర్లేదు.

ఆ మూడింట్లో మొదటి ప్రశ్న ముఖ్యం. వెయిటింగ్ లిస్టు పిలుపులకు గడువు చాలా తక్కువ ఇస్తారు, నువ్వు కాదంటే వెంటనే తర్వాతివాళ్లను పిలవాలి గనుక. అందుకే తయారుగా ఉండు. మార్కుల షీట్లు, కమ్యూనిటీ సర్టిఫికెట్ ఉంటే అదీ, ఫోటోలు, అటెస్టెడ్ కాపీలు అన్నీ ఒక ఫైల్లో పెట్టు. డిజీలాకర్‌లో మార్కుల షీటు ఉందో లేదో చూసుకో. మైగ్రేషన్ సర్టిఫికెట్ అడుగుతారేమో ముందే తెలుసుకో, అది అప్పటికప్పుడు దొరికేది కాదు. ఇప్పటి కాలేజీవాళ్లు ఒరిజినల్స్ పెట్టుకుని ఇవ్వం అంటే భయపడొద్దు. సరిచూసుకుని తిరిగిచ్చేయాలి తప్ప తమ దగ్గర పెట్టుకోకూడదని కాలేజీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. టీసీ సంగతి వేరు. స్కూలు టీసీ కాలేజీ ఫైల్లోకి వెళ్లిపోతుంది, నువ్వు మానేస్తే వాళ్లు కొత్తది రాసిస్తారు. దానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు.

ఫీజు గురించి మీ నాన్న దిగులు పడుతుంటారు, ఇది ఆయనకు చదివి వినిపించు. అదే 2018 యూజీసీ నోటిఫికేషన్ ప్రకారం, కాలేజీ ప్రకటించిన అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులో అంతకన్నా ముందో మానేస్తే మొత్తం ఫీజు వెనక్కిస్తారు. ప్రాసెసింగ్ కింద ఐదు శాతం, అది కూడా 5000 రూపాయలకు మించకుండా కోసుకోవచ్చు. ఆ చివరి తేదీకి 15 రోజుల లోపైతే 90 శాతం. తేదీ దాటిన 15 రోజుల్లోపు 80 శాతం, ఆ తర్వాత 30వ రోజు దాకా 50 శాతం, అది కూడా దాటితే ఏమీ రాదు. కాషన్ డిపాజిట్ ఎప్పుడైనా పూర్తిగా ఇవ్వాల్సిందే. కొన్నేళ్లు యూజీసీ ఇంకా ఉదారంగా ప్రత్యేక తేదీలిస్తుంది. 2024-25లో సెప్టెంబరు 30 దాకా మానేసినవాళ్లకు మొత్తం ఫీజు, అక్టోబరు 31 దాకా అయితే 1000 రూపాయలకు మించి కోయకుండా వెనక్కివ్వమంది. ఈ ఏడాది ఏం చెప్పిందో యూజీసీ వెబ్‌సైట్‌లో చూడండి. కాలేజీ మొండికేస్తే యూజీసీ వాళ్ల ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. పెట్టే ముందు ఒకసారి ప్రిన్సిపాల్‌ను మర్యాదగా కలిసి రాతపూర్వకంగా అడగండి, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

నీ స్నేహితురాలి సంగతికి వస్తాను. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది అదే.

నువ్వు కోరుకున్నదేమిటో మళ్లీ చదువుకో. తనకు ఐఐటీ రావాలని కోరుకున్నావు. ఆ పిల్ల ఫెయిలవ్వాలని, జబ్బు పడాలని, ఫీజుకు డబ్బు లేక మానేయాలని కోరుకోలేదు. ఆ కోరికలో స్వార్థం ఉంది, నేను లేదనను. ఒకే వరసలో నిలబడ్డ ఇద్దరిలో ఎవరికైనా ముందున్నవాళ్లు కదిలితే బాగుండనిపిస్తుంది. అనిపించకపోతే వాళ్లకు ఆ సీటు అంతగా అక్కర్లేదని అర్థం. తనకంటే ముందున్న ఐదుగురి గురించి ఆ అమ్మాయి కూడా ఇదే కోరుకుంటూ ఉంటుంది, నాకు అందులో సందేహం లేదు. వాళ్లెవరో తెలియదు గనుక తనకు అసహ్యం వేయడం లేదు, అంతే తేడా.

నన్ను బాధపెట్టింది నీ కోరిక కన్నా నీ మౌనం. ఆ పిల్ల వెళ్లిపోతే నీ పదకొండు పది అవుతుంది. ఒక్క అంకె. దాని కోసం నువ్వు ఇన్నేళ్ల స్నేహాన్ని పక్కన పెట్టావు. పైగా ఈ ఊళ్లో నీ పరిస్థితి వివరించకుండానే అర్థం చేసుకోగలిగింది ఆ ఒక్క మనిషే. నువ్వు ఎందుకు మాట్లాడటం లేదో తెలియక తను ఏమనుకుంటోందో ఆలోచించావా? ఆరో నంబరు వచ్చినందుకు ఓర్వలేకపోతున్నావని అనుకుంటోందేమో.

ఫోన్ చెయ్యి. మెసేజ్ వద్దు, ఫోనే. "లిస్టు టెన్షన్‌లో పిచ్చిపట్టి నీతో మాట్లాడటం మానేశాను, సారీ" అంటే చాలు. మనసులో అనుకున్నదంతా విప్పి చెప్పాలా అంటే, అది నీ ఇష్టం. నా మట్టుకు ఇప్పుడే చెప్పక్కర్లేదనిపిస్తుంది. కొన్నాళ్లు పోయాక మీరిద్దరూ దీని గురించి నవ్వుకునే రోజు వస్తే అప్పుడు చెప్పొచ్చు. ప్రస్తుతానికి ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకోండి. రోజూ "ఏమైనా వచ్చిందా" అని ఒకరినొకరు అడగకూడదు. ఎవరికి మెయిల్ వచ్చినా అదే రోజు రెండోవాళ్లకు స్వయంగా చెప్పాలి, ట్యూషన్ గ్రూపులో చూసి తెలుసుకునే పరిస్థితి రాకూడదు. మిగతా టైములో ఇద్దరూ కలిసి లెక్కలు చేసుకోండి. పెరంబూరు నుంచి ఎగ్మూరు ఎంత దూరం? 1896లో తెరిచిన కన్నెమరా లైబ్రరీ అక్కడే ఉంది. ఆదివారం నువ్వు టీవీ ముందు ఫోన్ పట్టుకుని కూర్చునే కంటే అక్కడికి వెళ్లడం నయం.

ఇక కాలేజీ. రోజూ వెళ్తున్నావు, కానీ నువ్వు ఇంకా చేరలేదు.

ఆ సంస్థకూ ఈ కాలేజీకీ తేడా లేదని నేను చెప్పను, నువ్వు నమ్మవు కూడా. తేడా ఉంది. అక్కడ మొదటి రోజు నుంచే ప్రూఫులు రాయిస్తారు, చుట్టూ నీలాంటి పిచ్చివాళ్లే ఉంటారు, రాత్రి రెండింటికి హాస్టల్ వరండాలో ఒక ప్రాబ్లం మీద కొట్టుకుంటారు. ఇక్కడ పార్ట్ వన్ లాంగ్వేజ్, పార్ట్ టూ ఇంగ్లీషు, ఇంటర్నల్స్, రికార్డులు, అటెండెన్సు. కానీ మొదటి సెమిస్టర్‌లో రెండు చోట్లా ఉండేది ఇంచుమించు అవే కాలిక్యులస్, ఆల్జీబ్రా. రేపు పిలుపు వచ్చి వెళ్లావనుకో, ఈ నెలన్నర చదివింది అక్కడ అక్కరకొస్తుంది. రాలేదనుకో, నెలన్నర వెనకబడి ఉంటావు, అదీ నీకు బాగా వచ్చిన సబ్జెక్టులో. రెండు లెక్కల్లోనూ ఇవాళ ముందు బెంచీలో కూర్చున్నదానిదే లాభం. ఈ లెక్క నీకు నేను చెప్పాలా?

డిగ్రీ కాలేజీ నుంచి ముందుకు దారులు మూసుకుపోలేదు. బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీకి సీఎంఐ, ఐఎస్ఐలే విడిగా పరీక్ష పెట్టి తీసుకుంటాయి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే పరీక్ష ఉంది. డిగ్రీ చదువుతూనే వేసవిలో ఎంటీటీఎస్ అనే గణిత శిక్షణ శిబిరాలకు అప్లై చేయొచ్చు. 1993 నుంచి నడుస్తున్నాయవి. నీలాగా మామూలు కాలేజీల్లో ఉన్న లెక్కల పిల్లల్ని పోగుచేసి, నాలుగు వారాల పాటు చెప్పేది తగ్గించి ఆలోచింపజేసేది ఎక్కువ చేస్తారు. తరమణిలో మ్యాట్‌సైన్స్ అనే గణిత పరిశోధన సంస్థ ఉంది. 1962లో దాన్ని స్థాపించిన అల్లాడి రామకృష్ణన్ కుటుంబం మూలాలు మీ నెల్లూరు జిల్లావే. అందరూ వెళ్లగలిగే ఉపన్యాసాలు అక్కడ అప్పుడప్పుడు జరుగుతాయి. అర్థమైనంత అర్థమవుతుంది, వెళ్లి కూర్చో.

ఇక్కడ రామానుజన్ పేరెత్తాలని చేయి లాగుతోంది గానీ ఎత్తను. చెన్నైలో లెక్కల పిల్ల ఎవరు డల్‌గా కనిపించినా పెద్దలందరూ ఆయన్నే లాక్కొస్తారు, నీకు ఇప్పటికే విసుగొచ్చి ఉంటుంది. అంతకన్నా మామూలు ఉదాహరణ చెబుతాను. 1989లో సీఎంఐని మొదలుపెట్టిన సి.ఎస్.శేషాద్రి డిగ్రీ చదివింది నుంగంబాక్కం లొయోలా కాలేజీలో. 2007లో గణితానికిచ్చే ఏబెల్ ప్రైజు అందుకున్న ఎస్.ఆర్.శ్రీనివాస వరదన్ చదివింది మెరీనా ఎదురుగా ఉన్న ప్రెసిడెన్సీ కాలేజీలో. అప్పటి కాలేజీలు వేరు, ఇప్పటివి వేరు అంటావు. నిజమే, నేను వాదించను. కానీ ఈ ఊళ్లో డిగ్రీ క్లాసులో కూర్చుని లెక్కలు నేర్చుకోవడం అన్నది నీతో మొదలైన శిక్షేమీ కాదు.

రేపు వెళ్లగానే లైబ్రరీ కార్డు తీసుకో. మీ డిపార్ట్‌మెంట్‌లో బోర్డు వైపు తిరిగి పాఠం చెబుతూ తనలో తానే మురిసిపోయే మేడమ్ ఒకరు తప్పకుండా ఉంటారు. ఎవరో కనిపెట్టు. క్లాసు అయ్యాక వెళ్లి, సిలబస్‌లో లేని ఒక డౌటు అడుగు. వెయిటింగ్ లిస్టు గురించి చెప్పకు. పక్క బెంచీ అమ్మాయి పేరు తెలుసుకో. నువ్వు నెల తర్వాత వెళ్లిపోతే ఆ స్నేహం వృథా అవుతుందనుకుంటున్నావా? ఎంచక్కా ఉంటుంది, ఇద్దరూ ఒకే ఊళ్లోనే కదా.

ఇంట్లోవాళ్ల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. అవ్వకూ, నెల్లూరు పెళ్లిళ్లలో కనబడే అత్తయ్యలకూ ఒకటే జవాబు తయారుగా ఉంచుకో: "కాలేజీలో చేరానత్తా, బీఎస్సీ మ్యాథ్స్, క్లాసులు జరుగుతున్నాయి." అక్కడితో ఆపెయ్. అది పచ్చి నిజం, ఎవరికీ అబద్ధం చెప్పినట్టు కాదు. లిస్టు మాట ఎత్తితేనే అందరూ దాని వెంట పడతారు. అవ్వ మరీ వదలకపోతే నాన్నను చెప్పమను, కొడుకు మాట వింటుంది. అమ్మ ముడుపు గురించి నువ్వు కొంచెం సిగ్గుపడుతూ రాసినట్టున్నావు. ఉండనీ. ఆమె ఎదురుచూపు ఆమెది, ఆమెకు తెలిసిన పద్ధతిలో చేస్తోంది.

ఒక తేదీ మాత్రం నువ్వే పెట్టుకోవాలి. రైలు వెయిటింగ్ లిస్టుకైతే చార్టు తయారయ్యే గడియ ఒకటుంటుంది, ఆ తర్వాత ఆశ ఉండదు, బస్టాండుకు పోతాం. ఈ లిస్టుకు అలాంటి గడియను చాలా సంస్థలు గట్టిగా చెప్పవు, అందుకే నీలాంటివాళ్లు సెప్టెంబరు దాకా వేలాడుతుంటారు. వాళ్లు చివరి తేదీ చెప్పి ఉంటే అదే. చెప్పకపోతే, ఆ సంస్థలో క్లాసులు మొదలైన రెండో వారం ఆఖరి రోజు అనుకో. ఆ రోజు దాటాక మెయిల్ చూడటం మానెయ్. ఫైలు బీరువాలో పెట్టెయ్. బాధగా ఉంటే ఆ సాయంత్రం ఏడువు, అమ్మానాన్నలకు కూడా ముందే చెప్పి ఉంచు, ఆ రోజు ఎవరూ ఓదార్పు ఉపన్యాసాలు ఇవ్వొద్దని. మళ్లీ ఏడాది ఖాళీగా కూర్చుని రాస్తానని మాత్రం ఆ వారంలో నిర్ణయించకు. అది తప్పని కాదు. కానీ కాలేజీలో ఉంటూనే వచ్చే ఏడాది మళ్లీ రాయొచ్చో లేదో నిబంధనలు చూసుకుని, అక్టోబరులో తీరిగ్గా మాట్లాడుకోవాల్సిన సంగతి అది.

పిలుపు వస్తే? అందరూ ఎగిరి గంతేస్తారు, నువ్వు కూడా. ఆ గంతు అయ్యాక ఒక పూట కూర్చుని, ఫీజు, హాస్టల్ ఖర్చు, స్కాలర్‌షిప్ అన్నీ నాన్నతో కలిసి కాగితం మీద వేసుకోండి. వెళ్లాలనుకుంటే ఇక్కడ రాతపూర్వకంగా సీటు వదులుకుని, రసీదు తీసుకుని, ఆ మేడమ్‌కు చెప్పి వెళ్లు. ఒకవేళ అప్పటికి నీకు ఈ కాలేజీయే నచ్చి, వద్దనుకుంటే, అది కూడా నీ ఇష్టమే, ఎవరూ తప్పు పట్టడానికి లేదు. అప్పుడు గడువు దాకా నాన్చకుండా రావడం లేదని వెంటనే ఒక మెయిల్ పెట్టు. నీ వెనకవాళ్లు చూస్తుంటారు.